తట్టేటప్పుడే

మూడు కొటేషన్లు బల్ల మీద.
ఫ్యాను గాలికి ఎగరకుండా
వాటి మీద ఒక తోతాపురి కాయ.

మా ప్రాజెక్టు పేరు రాయాలంటే మూడు వరసలు పడుతుంది.
పని మాత్రం చిన్నదే.
కాయకు ఈ చెంపన ఒక సన్నటి అదురు ఇవ్వాలి,
ఆ చెంపన అది ఏమై వచ్చిందో పట్టుకోవాలి.
మధ్యలో జరిగిన ఆలస్యమే
లోపల పులుపో తీపో చెప్పాలి.

మొదటి కార్డు చవక.
పదహారు చానెళ్ళు అని లావు అక్షరాల్లో ఉంది.
తిరుపతిలో పుట్టినవాణ్ణి, నాకు చెప్పాలా?
కంపార్ట్‌మెంట్లు పదహారు, లోపలికి తలుపు ఒక్కటే.
ఒకదాని తర్వాత ఒకటి వదులుతారు.
చివరి వాడికీ దర్శనమవుతుంది,
కానీ మొదటి వాడు చూసిన హారతి కాదు.
"పది మైక్రోసెకన్ల తేడానే సార్" అన్నాడు
చెన్నై నుంచి సేల్స్ కుర్రాడు.
నేను వెతికేది ఆ సందులోనే ఉంది నాయనా, అనలేదు.

రెండో దానికి చెవులు మంచివి.
ఏ చెవికి ఆ చెవి సొంతంగా వింటుంది.
నోరే దరిద్రం.
కంప్యూటర్‌కు తీరిక దొరికినప్పుడు మాట్లాడుతుంది.
ఎప్పుడు పలికిందో దానికే తెలియకపోతే
జవాబు ఎంతసేపటికి వచ్చిందని ఎవర్ని అడిగేది?

మూడోది
పలకడం, వినడం ఒకే గడియారం మీద చేస్తుంది.
లక్షా ఎనభై నాలుగు వేలు, జీఎస్టీ అదనం.
మాకు మంజూరైంది లక్షా ఇరవై.

పర్చేజ్ సెక్షన్‌లో దొరస్వామి గారు
కళ్ళద్దాల పైనుంచి చూశారు.
"వినేదొకటి, పలికేదొకటి, రెండు చవకవి కొని
పక్కపక్కన పెట్టుకుంటే కాదా?"
ఆయన తల వెనక గోడకు రెండు గడియారాలు,
ఒకటి ఆఫీసుది, ఒకటి ఎవరో రిటైరవుతూ ఇచ్చింది.
పదకొండూ పది. పదకొండూ పద్నాలుగు.
నేను వేలు చూపించాను.
ఆయన వెనక్కి తిరిగి చాలాసేపు చూసి
"కారణం రాసి పెట్టండి" అన్నారు.

కారణం దొరకలేదు ఆ వారం.

శాంపిళ్ళ కోసం తెల్లారకముందే
హేమాద్రి బండి మీద దామలచెరువు మండీకి పోయాం.
గడ్డి, జీడి వాసన, లారీల పొగ.
గుట్ట ముందర మొగిలమ్మ కూర్చుని కాయలు ఏరుతోంది.
ఎడమ అరచేతిలో కాయ, కుడి చేతి వేలి కణుపు,
టక్.
ఇటు పడేది ఇటు, అటు పడేది అటు.
నేను లెక్క పెట్టడానికి కూడా అందలేదు.

"తట్టినాక ఏం వింటావమ్మా?" అన్నాను.
నా మొహం చూసి నవ్వింది.
"తట్టినాక వింటే ఏముంటాదబ్బా,
తట్టేటప్పుడే వినాల."
"ఏ చెయ్యి వింటాది?"
"రెండూ. తట్టిన వేలు కూడా వింటాది గదా."
అని మళ్ళీ పనిలో పడింది.
జీడికి కాలిన ఆమె వేళ్ళు నల్లగా ఉన్నాయి.

వెనక్కి వస్తూ దారిలో తట్టింది నాకు:
పదహారెందుకు?
ఆమెకున్నవి రెండు చేతులే.
తట్టిన చోట ఒక చెవి, అరచేతి చోట ఒక చెవి,
ఒక నోరు.
మూడో కంపెనీకే మళ్ళీ ఫోన్ చేశాను.
చిన్నది ఉందట, రెండు వినేవి, ఒకటి పలికేది,
గడియారం మాత్రం అదే.
పన్నుతో కలిపి లక్షా పదిహేడు.

నోట్‌లో రాశాను:
పలికిన క్షణమూ విన్న క్షణమూ
ఒకే చోట కొలవకపోతే కొలత లేదు.
అందువల్ల తక్కువ ధర కార్డు వద్దు.
మొగిలమ్మ పేరు రాయడానికి ఫారంలో గడి లేదు.

ఫైలు సంతకాలన్నీ తిరిగి వచ్చేసరికి
బల్ల మీది కాయ రంగు మారింది.
గదంతా వాసన.
కార్డు రావడానికి ఇంకా ఆరు వారాలు.
హేమాద్రి కత్తి తెచ్చేలోపు
ఎవరూ లేరు కదా అని
అరచేతిలో పెట్టుకుని కణుపుతో కొట్టాను.

ముందు కొట్టాను.
తర్వాత విన్నాను.
ఏమీ తెలియలేదు.